గడికి ఒక్కరే

ఆ వర్క్‌షాపులో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ అతను కొలబద్ద. పంతొమ్మిదేళ్ళకి లేత్ మిషను మీద చేరాడు. మూడు నాలుగేళ్ళు తిరక్కుండానే ఇనుప కడ్డీని చేతిలోకి తీసుకుని, కిటికీ వెలుతురుకేసి ఒకసారి తిప్పి, "ముప్పై రెండు మిల్లీమీటర్లు... ఊహూఁ, వెంట్రుకవాసి తక్కువ" అనేవాడు. పక్కవాడు వెర్నియర్ పెట్టి కొలిచి చూస్తే అంతే ఉండేది. కొత్తగా చేరినవాళ్ళు ఇదేదో గారడీ అనుకుని అతని జేబులు తడిమి చూసేవారు.

నలభై ఒకటో ఏట ఒక మధ్యాహ్నం, చెమట తుడుచుకుందామని రక్షణ కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకున్నాడు. మిషను ఇంకా తిరుగుతోంది. గోధుమగింజలో సగముండే ఇనుపముక్క ఎగిరి ఎడమ కంట్లో గుచ్చుకుంది. తప్పెవరిదని అడిగినవాళ్ళందరికీ "నాదే" అని చెప్పాడు. రెండుసార్లు ఆపరేషన్ చేశారు. కన్ను దక్కింది, చూపు దక్కలేదు. పైకి ఏ తేడా తెలిసేది కాదు. చూడడానికి వచ్చినవాళ్ళు "రెండు కళ్ళూ భేషుగ్గా ఉన్నాయి కదయ్యా" అని సంతోషించి వెళ్ళేవారు. అతను కూడా తలూపేవాడు.

ఒంటికంటితో దూరాలు తెలియడం కొన్నాళ్ళు కష్టమవుతుందనీ, మెదడు మెల్లగా సర్దుకుంటుందనీ డాక్టరు చెప్పాడు. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో చెప్పలేదు. మెట్లు దిగుతుంటే అయిపోయాయనుకున్నచోట ఇంకొకటి ఉండేది. ఉందనుకున్నచోట ఉండేది కాదు. ఎవరైనా చెయ్యి చాపితే ఇతని చెయ్యి జానెడు ఇవతలే ఆగిపోయేది. ఎడమవైపు నుంచి వచ్చే మనుషులు భూమిలోంచి మొలిచినట్టు ఒక్కసారిగా పక్కన ప్రత్యక్షమయ్యేవారు. ఇరవై రెండేళ్ళు వెంట్రుకవాసిలో బతికిన మనిషికి ఇప్పుడు బెత్తెడు కూడా అందడం లేదు. ఇదంతా ఎవరికీ చెప్పలేదు. ఎలా ఉందని అడిగితే "బానే ఉంది" అనేవాడు.

లేత్ మీదికి తిరిగి పంపలేదు. టూల్ రూమ్ కిటికీ దగ్గర కూర్చోబెట్టి, పనిముట్లు ఇచ్చి పుచ్చుకునే పని అప్పగించారు. దానికి అతను పెద్దగా బాధపడలేదు. బాధపడింది బంతి దగ్గర.

వర్క్‌షాపుకి ఏడుగురి ఫుట్‌బాల్ జట్టొకటి ఉంది. ఆదివారాలు చుట్టుపక్కల ఫ్యాక్టరీల జట్లతో ఆడేవారు. పక్కనున్న ఆడపిల్లల బడి మైదానంలో, బడి వదిలాక, వారానికి మూడు సాయంత్రాలు సాధన. కొలబద్ద పద్నాలుగేళ్ళుగా ఆ జట్టులో ఉన్నాడు. గోల్ దగ్గర స్టోర్‌కీపర్ నిలబడేవాడు; ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు. గోల్స్ కొట్టే పని వెల్డరుది. వయసులో చిన్నవాడు, నోరు మాత్రం అందరికన్నా పెద్దది. ఫోర్‌మన్ గారు గీత బయట నిలబడి "కొట్టు! తరుము! వాడిమీద పడు!" అని అరిచేవారు. ఆయన నేర్పినదంతా ఆ మూడు మాటలే.

ఆరు నెలల తర్వాత కొలబద్ద మళ్ళీ మైదానంలోకి దిగాడు. బంతి వస్తోందని కాలు ఊపితే, కాలు వెళ్ళి వచ్చాక బంతి వచ్చింది. ఇంకోసారి ఆగి చూశాడు. ఈలోగా బంతి కాళ్ళ మధ్య నుంచి వెళ్ళిపోయింది. ఎడమవైపు నుంచి వచ్చిన వెల్డరుతో ఢీకొని ఇద్దరూ పడ్డారు.

"అన్నా, నేను మన జట్టేనే!" అన్నాడు వెల్డరు మోకాలు రుద్దుకుంటూ.

ఫోర్‌మన్ గారు అతన్ని పక్కకి పిలిచారు. "కొన్నాళ్ళు కూర్చో నాయనా. జట్టెక్కడికీ పోదు. ఓడిపోతూ ఇక్కడే ఉంటుంది."

అది నిజమే. అంతకుముందు ఆదివారమే రొట్టెల ఫ్యాక్టరీవాళ్ళు వీళ్ళ మీద ఏడు గోల్స్ కొట్టారు.

కొలబద్ద అక్క కూతురు ఆ ఆడపిల్లల బడిలోనే ఆటల టీచరు. బడిపిల్లల్ని ఇళ్ళకి పంపించేశాక గేటు దగ్గర నిలబడి వీళ్ళ ఆట చూసేది. ఆ సాయంత్రం ఆమెకి నవ్వు ఆగలేదు. ఫోర్‌మన్ గారికి చిర్రెత్తింది.

"ఏమ్మా, అంత నవ్వెందుకొచ్చింది?"

"ఏమీ లేదండీ. బెల్లం ముక్క పడేస్తే చీమలు చేరినట్టు, ఇంత మైదానంలో అందరూ ఒక్కచోటే ఉన్నారు. మా ఆరో తరగతి పిల్లలు కూడా ఇలా ఆడరు."

"అయితే నువ్వే నేర్పు, చూద్దాం" అన్నారాయన. వెటకారంగానే అన్నారు. ఆమె మాత్రం నిజంగానే మర్నాడు ఈలతో, పన్నెండు ప్లాస్టిక్ డిప్పలతో వచ్చేసింది.

"మావయ్యా, నువ్వు కూర్చున్నావేంటి? లే" అంది ముందుగా.

నాలుగు డిప్పలు పెట్టి పది అడుగుల చదరం చేసింది. నలుగురు నాలుగు పక్కలా నిలబడాలి, ఒకడు మధ్యలో ఉండాలి. నలుగురూ బంతిని తమలో తాము తిప్పుకోవాలి; మధ్యవాడు లాక్కోవాలి. ఎవడు పోగొడితే వాడు మధ్యలోకి వెళ్ళాలి. వినడానికి తేలికగానే ఉంది. ఆ సాయంత్రం మొత్తం మధ్యలో ఉన్నది కొలబద్దే. ఎలాగో ఒకసారి బయటికి వచ్చేవాడు, మొదటి బంతికే మళ్ళీ లోపలికి పోయేవాడు. నాలుగు వైపుల నుంచీ బంతి తిరుగుతుంటే అతనికి బుర్ర కూడా దాంతోపాటే తిరిగింది.

రెండో ఆట చేతులతో. బంతి చేతిలో ఉంటే అడుగు వేయకూడదు. ఇచ్చినవాడికే తిరిగి ఇవ్వకూడదు. ఇచ్చాక ఉన్నచోటే ఉండిపోకూడదు.

"చేయకూడనివి మూడు చెప్పావు. చేయాల్సింది ఒక్కటైనా చెప్పవేమే?" అన్నాడు కొలబద్ద.

"అదే కదా మావయ్యా నువ్వు కనుక్కోవాల్సింది!"

మూడో ఆటకి మైదానమంతా సున్నంతో గడులు గీసింది. ఒక గడిలో ఒకే జట్టువాళ్ళు ఇద్దరు ఉండకూడదు. ఇంకొకడు వస్తే ముందున్నవాడు వేరే గడికి జరగాలి. పది నిమిషాలు అందరూ కిందికి చూస్తూ గీతలు దాటుతూ తిరిగారు. బంతి మైదానం మధ్యలో ఒంటరిగా పడి ఉంది.

"ఇది ఫుట్‌బాలా, తొక్కుడుబిళ్ళా?" అన్నాడు వెల్డరు.

కొలబద్దకైతే తాను ఏ గడిలో ఉన్నాడో కూడా తెలిసేది కాదు. ఎడమవైపు గీతలు అతనికి లేనట్టే. ఎవడో వచ్చి "నువ్వు జరుగు" అనేవాడు, జరిగితే అక్కడివాడు "ఇక్కడికెందుకొచ్చావ్?" అనేవాడు.

"బంతిని చూస్తూ ఉండిపోకు మావయ్యా" అంది మేనకోడలు.

"మరేం చూడను?"

"బంతి లేని చోటు."

అతను మైదానమంతా ఒకసారి కలయజూశాడు. "బంతి లేని చోటంటే ఇదంతా అదే కదే!"

బంతి అందేముందే తల తిప్పి అటూ ఇటూ చూసుకోవాలని నేర్పింది. ఎడమ చూపు లేనివాడు కాబట్టి ఇతను మొత్తం మెడ తిప్పాల్సి వచ్చేది. "బస్టాండులో పెళ్ళాం తప్పిపోయినవాడిలా ఆ చూపులేంట్రా?" అని గోల్ దగ్గర నుంచి స్టోర్‌కీపర్ కేకేశాడు. అందరితోపాటు కొలబద్ద కూడా నవ్వాడు. ఇంటికి వెళ్ళేసరికి మెడ పట్టేసింది.

అతని భార్య ఇంట్లోనే బట్టలు కుట్టేది. ముందుగదిలో కిటికీ కింద మిషను, దాని పక్కన కొలతలు రాసిన చీటీలు గుచ్చిన చెక్క, ఎదురుగా భోజనాల బల్ల. మూడు వారాలు గడిచాక ఒక సాయంత్రం ఆమె బల్ల మీద ఎవరో పెళ్ళికూతురి గౌను పరిచి దారాలు కత్తిరిస్తోంది. అతను సాధన నుంచి వచ్చి, కూర్చుని, జగ్గు ఎత్తి గ్లాసులోకి నీళ్ళు వంచాడు. నీళ్ళన్నీ ఆ తెల్లటి పట్టు మీద పడ్డాయి. గ్లాసు మూరెడు అవతల ఉంది.

ఆమె కెవ్వుమని గౌను లాక్కుంది. అతను జగ్గు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఇంతకాలం సరిగ్గానే పోసుకుంటున్నా కదా," అన్నాడు. "ఇవాళేమైంది?"

ఆమె తువ్వాలుతో పట్టుని అద్దుతూ ఉంది. తల ఎత్తలేదు. "ఇవాళ నేను మర్చిపోయానండీ."

"నువ్వు మర్చిపోవడమేంటి?"

"గ్లాసు. మీ కంచం అంచుకి ఆనించి పెడుతున్నాను కదా రోజూ. ఇవాళ బట్ట అడ్డమని అటు జరిపాను."

"ఎప్పట్నుంచి?"

"ఆస్పత్రి నుంచి వచ్చినప్పట్నుంచి." ఇక దాచి లాభం లేదనుకున్నట్టు మిగతాది కూడా చెప్పేసింది. మెట్ల దగ్గర ఆఖరి మెట్టుకి ఎర్ర పట్టీ అతికించింది తనే. ఎదురింటివాళ్ళకీ కూరగాయలు అమ్మే ఆవిడకీ ఆయన్ని కుడివైపు నుంచే పలకరించమని చెప్పింది కూడా తనే.

కొలబద్ద కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ ఎర్ర పట్టీ ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు వేయించారనుకున్నాడు. మెట్లు తడబడకుండా దిగినప్పుడల్లా, డాక్టరు చెప్పినట్టు మెదడు సర్దుకుంటోందని లోలోపల పొంగిపోయాడు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే ఏది తాను చేసిందో, ఏది ఆమె చేసి పెట్టిందో విడదీయలేకపోతున్నాడు.

"నాకేమీ అర్థం కావట్లేదే," అన్నాడు. ఏడు నెలల్లో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. "గ్లాసు ఎక్కడుందో తెలీదు, మెట్టు ఎక్కడుందో తెలీదు. నువ్వైనా చెప్పొచ్చు కదా."

"మీరు బానే ఉందన్నారు కదండీ!" అంది ఆమె. "బానే ఉందన్న మనిషికి ఏం చెప్పమంటారు?"

ఇద్దరూ కలిసి గౌనుని చెరో అంచూ పట్టుకుని కిటికీకి ఆరేశారు. మరక పడలేదు.

మర్నాటి సాధనలో అతని మనసు మనసులో లేదు. చదరం ఆటలో ఈమధ్య బాగానే నిలబడుతున్నాడు. వరసగా ఎనిమిది బంతులు అందుకుని ఇచ్చిన రోజు ఏనుగెక్కినంత సంబరపడ్డాడు కూడా. ఇప్పుడు అందరి కాళ్ళనీ అనుమానంగా చూశాడు. వెల్డరు తనకి ఇచ్చే బంతి మెత్తగా, నేలకి అంటుకుని, ప్రతిసారీ కుడికాలి దగ్గరికే వస్తోంది. జట్టులో ఎడమకాలి వాటమున్న ఫిట్టరు ఇచ్చేది కూడా అంతే. నాలుగో బంతికి కాలితో దాన్ని తొక్కిపెట్టి ఆపేశాడు.

"ఎవరు చెప్పార్రా మీకు?"

వెల్డరు బిక్కమొహం వేశాడు. "ఏంటన్నా?"

"జాలిపడి ఆడుకోవడానికి నేనేమైనా చంటిపిల్లాణ్ణా? మామూలుగా కొట్టలేవూ?"

మేనకోడలు ఈల వదిలేసి దగ్గరికి వచ్చింది. "నేనే చెప్పాను మావయ్యా. నీ ఒక్కడికే కాదు. ఎవరికి ఏ కాలు మంచిదైతే ఆ కాలికి ఇమ్మన్నాను. ఫిట్టరుగారికి ఎడమకాలికి. వెల్డరుకి ముందుకి, పరిగెత్తి అందుకునేలాగ. నువ్వు రెండు రోజులుగా ఫిట్టరుకి ఎడమకాలికే ఇస్తున్నావు. అది జాలా?"

"అది వేరు."

"ఎలా వేరు?"

అతనికి వేరే అనిపించింది కానీ ఎలా వేరో మాటల్లో రాలేదు. "నువ్వు చెప్పు" అన్నాడు.

ఆమె కూడా ఆలోచించింది. "తెలీదు మావయ్యా" అంది చివరికి. "అందేలా ఇవ్వడమే ఆట అని నాకు నేర్పారు. జాలి ఎక్కడ మొదలవుతుందో వాళ్ళు చెప్పలేదు, నేనూ అడగలేదు."

"సర్లే అన్నా, కావాలంటే ఇకనుంచి మొహం మీద కొడతా" అన్నాడు వెల్డరు. ఎవరో కిసుక్కుమన్నారు. కొలబద్ద బంతి మీద నుంచి కాలు తీశాడు. ఆట సాగింది. అతని సందేహం అలాగే ఉంది.

అయితే ఆ రోజు నుంచి ఒక పని చేశాడు. తెలియనిది అడగడం మొదలుపెట్టాడు. "ఎడమవైపు ఎవరున్నార్రా?" అని ఆట మధ్యలోనే అరిచేవాడు. "నేనున్నా!" అనో "ఖాళీ!" అనో ఎవరో ఒకరు బదులిచ్చేవారు. అతన్ని చూసి మిగతావాళ్ళకి కూడా అరవడం అలవాటైంది. చూపున్నవాళ్ళకి కూడా వెనక ఏముందో తెలియదని అప్పుడే బయటపడింది. మైదానం చేపల బజారులా తయారైందని ఫోర్‌మన్ గారు విసుక్కున్నారు.

రొట్టెల ఫ్యాక్టరీతో మళ్ళీ ఆట వచ్చింది. మేనకోడలు అతన్ని రెండో సగంలో దింపింది, ఎడమ గీత పక్కన. "నీకు కనిపించని వైపు గీత ఉంటుంది మావయ్యా. అటు నుంచి ఎవరూ రారు."

ముందుకి చూస్తున్నంతసేపూ అది నిజమే. వెనక్కి తిరగాల్సి వచ్చినప్పుడు మాత్రం అంతా తారుమారయ్యేది. మైదానం మాయమై, గీత బయటి ముళ్ళకంచే కళ్ళ ముందుండేది. రెండుసార్లు అవతలి జట్టువాడు అతని పక్క నుంచి నడుచుకుంటూ వెళ్ళినంత తేలిగ్గా వెళ్ళిపోయాడు. అందులో ఒకటి గోలైంది. మూడు–ఒకటి.

తర్వాత స్టోర్‌కీపర్ బంతిని నేలబారుగా విసిరాడు. అది రాకముందే కొలబద్ద మెడ తిప్పి చూసుకున్నాడు. పక్క గడిలో ఫిట్టరు ఉన్నాడు. మైదానంలో ఇప్పుడు సున్నం గీతలు లేవు కానీ అతనికి కనిపిస్తూనే ఉన్నాయి. బంతి కుడికాలికి తగిలింది. ఫిట్టరు ఎడమకాలికి అందేలా మెత్తగా తోశాడు.

ఫిట్టరు అక్కడ లేడు. ఈలోగా ఎటో జరిగిపోయాడు. బంతి ఖాళీలోకి దొర్లుకుంటూ పోయింది. అయిపోయింది, పరువు పోయింది అనుకున్నాడు కొలబద్ద. అంతలో ఎక్కణ్ణుంచో వెల్డరు పరిగెత్తుకొచ్చి, ఆ బంతిని అందుకుని, వచ్చిన ఊపులోనే గోల్‌లోకి కొట్టేశాడు.

అందరూ వచ్చి కొలబద్ద మీద పడ్డారు. "ఏం ఇచ్చావన్నా! సూదిలో దారం ఎక్కించినట్టు!" అని వీపు చరిచారు. గీత బయట అతని భార్య లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది. ఆమె పక్కనే ఫోర్‌మన్ గారు "నేను ముందే చెప్పానా!" అంటున్నారు. ఏం చెప్పారో ఎవరికీ గుర్తులేదు.

ఆట మూడు–రెండుతో ఓడిపోయారు. అయినా గెలిచినవాళ్ళలాగే నడుచుకుంటూ వచ్చారు. బట్టలు మార్చుకునే గదిలో కొలబద్ద వెల్డరు పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. బూటు తాడు ముడి విప్పుతూ, "ఒరేయ్, నిజం చెప్పనా? అది నీకివ్వలేదు నేను. ఫిట్టరుకిచ్చాను" అన్నాడు.

వెల్డరు సబ్బు వెతుక్కుంటున్నాడు. "నేను కూడా నువ్విస్తావని రాలేదన్నా. ఆ గడి ఖాళీగా ఉందని వచ్చాను."

"నేను జరిగింది కూడా అందుకే," అన్నాడు అవతల నుంచి ఫిట్టరు. "వీడు వస్తున్నాడని. గడికి ఒక్కరే కదా!"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అయితే ఆ గోల్ ఎవరి తెలివి? ఎవరూ అనుకోకుండా అంత చక్కగా ఎలా కుదిరింది? కొలబద్ద ఇంటికి వెళ్ళేదాకా భార్యతో అదే మాట్లాడాడు. గోలైంది కదా, ఇంకా ఆలోచనెందుకంది ఆమె. దారిలో ఒకచోట ఆమె అలవాటుగా అతని కుడివైపుకి మారబోతుంటే, "ఎడమవైపే ఉండు. మాట్లాడుతూ ఉండు చాలు" అన్నాడు. మాట్లాడటమంటే ఆమెకి కష్టమేం కాదు.

ఆ తర్వాత ఇంకో మూడేళ్ళు ఆడాడు. మోకాళ్ళు వద్దన్నాక మానేశాడు. లేత్ మీదికి మళ్ళీ వెళ్ళలేదు. ఒకసారి అడిగి చూశాడు, కుదరదన్నారు, అతను కూడా గట్టిగా పట్టుబట్టలేదు. జట్టు ఆ మూడేళ్ళలో సగం ఆటలు గెలిచింది, సగం ఓడింది. మేనకోడలికి వేరే ఊరి బడికి బదిలీ అయినప్పుడు ఆమె ఈల, డిప్పలు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"నాకిందులో ఒక్క ముక్క అర్థం కాలేదే ఇప్పటికీ" అన్నాడు కంగారుగా.

"నాకు తెలుసు మావయ్యా," అంది ఆమె. "అయినా అందరికన్నా ఎక్కువ ప్రశ్నలు అడిగింది నువ్వే కదా."

ఈల తన చేతికొచ్చిన మొదటి సాయంత్రం తాడు కట్టి సున్నం గడులు తనే గీశాడు. రూల్సు చెప్పబోయి, చేతుల ఆటకీ గడుల ఆటకీ ముడిపెట్టేశాడు. పాతవాళ్ళు నవ్వుతూ సరిదిద్దారు. పెయింట్ సెక్షనులో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె తను కూడా ఆడతానని వచ్చింది. గడుల్ని చూసి కాసేపు తటపటాయించింది.

"ఎక్కడ నిలబడాలో ఎలా తెలుస్తుందండీ?"

"నాకింకా తెలీదమ్మా. ఎక్కడో ఒకచోట నిలబడు. తప్పైతే ఎవరో ఒకరు అరుస్తారు."

ఆమె వెళ్ళి, చూసి చూసి, వెల్డరు ఉన్న గడిలోనే నిలబడింది. "ఇది నాది" అన్నాడు వెల్డరు. "కొత్తవాళ్ళొస్తే ముందున్నవాళ్ళే జరగాలని ఇప్పుడే కదా చెప్పారు?" అంది ఆ అమ్మాయి. ఇద్దరూ కొలబద్ద వైపు చూశారు. అతను ఈల నోట్లో పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఈలోగా ఆ ఇద్దరూ ఎదుటివాళ్ళకి చోటిద్దామని ఒకేసారి చెరోవైపూ జరిగారు. గడి ఖాళీ అయిపోయింది.

కొలబద్ద ఈల ఊది బంతి వదిలాడు.